గోరు ఆగిన చోటు

రజిత సుద్దముక్క పట్టుకుని లోహం కోసే మిషన్ తలుపు ముందు నిలబడి చాలాసేపయింది. ఒక అంకె రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

గౌసుద్దీన్ ఉస్తాద్ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. లోహానికి కటర్ తగలకముందే, కోసిన చోట ఎంత గరుకు మిగులుతుందో నడిపేవాళ్ళు తలుపు మీద సుద్దతో రాయాలి. రాసినవాళ్ళకే పచ్చ బటన్ నొక్కే హక్కు. ముందుగా చెప్పలేనివాళ్ళు తర్వాత కొలిచి ఏం బావుకుంటారని ఆయన పట్టుదల. పక్క షెడ్లవాళ్ళు దీన్ని జాతకాల షెడ్డని ఎగతాళి చేసేవారు. కష్టమైన పనులు మాత్రం గమ్మున ఇక్కడికే పంపేవారు.

చదును ముక్కల మీద రజిత జాతకం ఎప్పుడూ తప్పలేదు. ఇవాళ్టిది వంపు ముక్క. ఒక బస్సు కండక్టరమ్మ మోకాల్లో, తొడ ఎముక చివర తొడిగే లోహపు గుబ్బ. దొరికే సైజులేవీ ఆమెకు సరిపోలేదు. ఆ లోహంలో మిగిలిన దిమ్మె ఇదొక్కటే. ఇది చెడితే వచ్చేవారం ఆపరేషన్ ఆగిపోతుంది. కొంచెం గరుకైతే పాలిష్‌తో పోతుంది. మించితే రుద్ది రుద్ది వంపే మారిపోతుంది.

పొద్దున అల్యూమినియం మీద నమూనా చేస్తే గుబ్బ నెత్తిన గరుకుగా మసక వచ్చింది. భయపడి కటర్ నడక తగ్గించింది. మసక పెద్దదైంది. ఇంకా భయపడి ఇంకా తగ్గించింది. మసక మరింత ముదిరింది.

ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఉస్తాద్, గీ ముక్క నాతోని కాదు. ఇంకెవరికన్న ఇయ్యుండ్రి."

"ఏమైంది బిడ్డా?"

"భయమైతాంది. నా చెయ్యి తప్పితే ఆమె నడవది."

ఉస్తాద్ ధైర్యం చెప్పలేదు. పాడైన నమూనా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"కండ్లు మూసుకో. గోరు పెట్టి నడిపియ్యి. భయమైన కాడ ఆగు."

రజిత కళ్ళు మూసుకుంది. గోరు ఒక వాలు మీద జారిపోయింది. అవతలి వాలు మీదా జారిపోయింది. నెత్తి మీదికి వచ్చేసరికి గరగరమని ఆగిపోయింది.

ఆగినచోట ఉస్తాద్ సుద్దతో సున్నా చుట్టాడు. శనగగింజంత ఉంది.

"మళ్ళ."

ఇంకోవైపు నుంచి నడిపింది. గోరు ఆ సున్నాలోనే ఆగింది.

ఉస్తాద్ పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

రజిత సున్నా వంక చూసింది, కటర్ వంక చూసింది. కటర్ మూతి గుండ్రంగా ఉంటుంది. వాలు మీద అది పక్కతో కోస్తుంది. నెత్తి మీదికొస్తే మొన మీద నిలబడుతుంది. మొన ఉన్నచోటే గిర్రున తిరుగుతుందే తప్ప కోయదు, రుద్దుతుంది. తను ఎంత నెమ్మదిగా నడిపితే అంతసేపు రుద్దింది.

బోల్టులు వదులు చేసి, ముక్కను పట్టే బల్లను కాస్త వాల్చింది. ఇక నెత్తి మీద కూడా కటర్ పక్కతోనే కోస్తుంది. నడక మామూలుకు తెచ్చి ఇంకో నమూనా చేసింది. మసక రాలేదు. కానీ ఇది అల్యూమినియం. ఆ మొండి లోహం ఏం చేస్తుందో ఎవరికి తెలుసు?

దిమ్మె బిగించి మళ్ళీ తలుపు ముందుకొచ్చింది.

"భయం పోయిందా?" అన్నాడు ఉస్తాద్ కూర్చున్నచోటి నుంచే.

"లేదు ఉస్తాద్."

"యాడున్నది?"

నెత్తి రాబోయే చోట దిమ్మె మీద వేలు పెట్టింది.

"పొద్దున యాడుండె?"

"ఒళ్ళంత ఉండె."

"అయితే రాయి."

రజిత వాలులకు ఒక అంకె, నెత్తికి ఒక అంకె రాసింది. పచ్చ బటన్ నొక్కింది.

కటర్ వాలు ఎక్కింది. నెత్తి దగ్గర పడింది. పారిపోవాలనిపించింది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. చప్పుడు మారకుండా కటర్ అటు దిగిపోయింది.

మిషన్ ఆగాక గోరు పెట్టి చూసింది. గోరు ఎక్కింది, ఆగకుండా దిగింది. గరుకు కొలిచే మీటరు పెడితే రెండు అంకెలూ తలుపు మీదివాటికి దగ్గరగానే వచ్చాయి. రజితకు ఏడుపొచ్చింది.

"ఇప్పుడు పోయిందా?"

ఆమె పిడికిలి విప్పింది. సుద్దముక్క నలిగి పిండయిపోయి ఉంది.

ఉస్తాద్ జేబులోంచి కొత్త సుద్దముక్క తీసి ఆ చేతిలోనే పెట్టాడు.

"రేపటికి."