చెంగమ్మ కడిగిన మడుగు

అనగనగా ఒక అడవి అంచున, వాగు పక్కన జంతువుల ఊరు ఒకటి ఉండేది. ఊరి మురుగు వాగులో కలవకుండా పోలయ్య అనే తాబేలు తాత మూడు మడుగులు తవ్వించాడు. మొదటి మడుగులో చెత్తా ఇసుకా అడుగుకు దిగేవి. రెండో మడుగు నిండా గోధుమరంగు బురద. బాతులు పొద్దస్తమానం రెక్కలు కొడుతూ ఆ నీళ్లకు గాలి పట్టించేవి. మూడో మడుగులో నీళ్లు తేటపడి వాగులోకి పోయేవి.

ఆ వాగులోనే చెంగమ్మ అనే నీటికుక్క ఇద్దరు పిల్లలతో కాపురముండేది. ఒంటికి కాస్త మట్టి అంటినా ఆమెకు చేప ముక్క గొంతు దిగదు. ఒకప్పుడు ఊరంతా "శుభ్రమంటే చెంగమ్మదే" అనేది. ఇప్పుడు ఎవరి నోట విన్నా పోలయ్య మాటే. కుందేలు నీళ్లు తాగి, "పోలయ్య తాత చల్లగా ఉండాలి" అంటుంది. లేడి కూడా అదే అంటుంది. ఆఖరికి సొంత చిన్నకొడుకు కూడా చేప నములుతూ, "పోలయ్య తాత వల్లే కదమ్మా మనకిన్ని చేపలు" అన్నాడు.

చెంగమ్మకు కడుపు మండిపోయింది. "పొద్దున లేస్తే బురదలో దొర్లే ముసలాడికి ఇంత పేరా?" అని లోలోపల కుతకుతలాడింది.

ఒకనాడు పోలయ్య కూతుర్ని చూడడానికి ఎగువ ఊరికి బయల్దేరాడు. వెళ్తూ, "చెంగమ్మా, మడుగులు కాస్త కనిపెట్టుకో తల్లీ. ఆ గోధుమరంగు బురద జోలికి మాత్రం పోకు" అన్నాడు.

"నేను కడిగితే నాకెక్కడ పేరొస్తుందోనని భయం" అనుకుంది చెంగమ్మ. తాత కనుమరుగు కాగానే బాతులను ఒడ్డెక్కించింది. రెండో మడుగులోని బురదంతా తోడి ఎండలో పారబోసింది. పీచు పెట్టి రాళ్లన్నీ తోమింది. మడుగు తళతళలాడింది. చూసినవాళ్లంతా "ఓహో" అన్నారు. ఆ ఒక్క మాటతో చెంగమ్మకు కడుపు నిండిపోయింది.

మర్నాడు మూడో మడుగు నీళ్లు కంపు కొట్టాయి. ఆ మర్నాడు వాగు నల్లబడింది. మూడోనాడు చేపలు నోళ్లు తెరిచి పైకి తేలాయి. ఆ నీళ్లు తాగిన చిన్నకొడుకు వాంతులు చేసుకుని నీరసంతో తల వాల్చేశాడు.

పోలయ్య తిరిగి రాగానే చెంగమ్మ కాళ్ల మీద పడింది. "తాతా, బురదంతా నేనే పారేశాను. నీ పేరు చూసి ఓర్వలేకపోయాను. ఇప్పుడు నా చిన్నోడే ఆ నీళ్లు తాగి పడిపోయాడు" అని ఏడ్చింది.

"అది మురికి కాదమ్మా. కంటికి కనబడని బుల్లి జీవులు అందులో బతుకుతాయి. బాతులు పట్టించే గాలి పీలుస్తూ మురుగును తినేది అవే. ముందు పిల్లాడికి కొండ ఊట నీళ్లు తాగించు. ఎగువ ఊరి మడుగులో అలాంటి బురదే ఉంది. కాస్త తెచ్చి వేస్తే మళ్లీ పెరుగుతుంది. నా నడకకు అది దారిలోనే ఎండిపోతుంది" అన్నాడు తాత.

చెంగమ్మ పిల్లాడికి ఊట నీళ్లు తాగించి, మెడకు కుండ కట్టుకుని వాగుకు ఎదురీదింది. బురద ఒళ్లంతా కారుతున్నా తుడుచుకోలేదు. కుండ తర్వాత కుండ తెచ్చి పోసింది. బాతులు మళ్లీ నీళ్లలోకి దిగాయి. కొన్నాళ్లకు వాగు తేటపడింది, చేపలు తిరిగొచ్చాయి.

ఊరంతా ఒడ్డున చేరి, "పోలయ్య తాతే వాగును బతికించాడు" అంది. చెంగమ్మ మనసు మళ్లీ చురుక్కుమంది. అంతలో చిన్నకొడుకు నీళ్లలోంచి పైకి తేలి, నోట చేపతో ఆమె వైపు ఈదుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత ఊరు ఎవరిని మెచ్చుకుందో చెంగమ్మ వినలేదు.

నీతి: ఒకరి పేరు చూసి ఓర్వలేక వాళ్ల పని చెడగొడితే, ఆ చెరుపు తిరిగి మన ఇంటికే వస్తుంది.