కౌజుపిట్ట మార్చిన వరస

ఎర్రగుట్ట కింద వేసవిలో నీళ్లుండేది ఒక్క మడుగులోనే. ఎవరు ఎప్పుడు తాగాలో, గట్టున ఎవరు గూడు పెట్టుకోవాలో చెప్పేది మడుగు పెద్ద. రెండేళ్లుగా ఆ పెద్ద నక్కే. ఆ రెండేళ్లూ గట్టు మీది కౌజుపిట్ట గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదు. అడిగితే, "పాములమ్మా, పాములు!" అని మూతి తుడుచుకునేది నక్క.

ఈసారి ఎన్నిక ముందు నక్కే గూటి దగ్గరకొచ్చింది.

"కౌజమ్మా, నువ్వెందుకు నిలబడకూడదూ? దుప్పికి కొమ్ములే గానీ బుర్ర లేదు. ముళ్లపందికి నోరంతా ముళ్లే."

కౌజు ఉబ్బిపోయింది. పాపం, దుప్పి దగ్గరా ముళ్లపంది దగ్గరా నక్క ఇదే పాట పాడి వచ్చిందని దానికేం తెలుసు!

అక్కడ ఓటంటే నచ్చినవాళ్ల వెనక వరసలో నిలబడటమే. లెక్క చూసే ముసలి తాబేలు ఈసారి కొత్త మాట చెప్పింది.

"పొడుగు వరస ఉంటే చాలదర్రా, సగం మంది దాటాలి. ఎవరూ దాటకపోతే అన్నిటికన్నా చిన్న వరస విడిపోయి, తమ రెండో ఇష్టం వెనక్కి పోవాలి."

"అలాగే కానీ తాతా," అని నవ్వింది నక్క. తన మాటలతో పోటీకి దిగి ఒకరినొకరు తిట్టుకుంటున్న ఆ ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నిలబడతారా అని దాని ధీమా.

ఇరవైనాలుగు మంది వచ్చారు. నక్క వరస తొమ్మిది, దుప్పిది ఏడు, ముళ్లపందిది ఐదు. కౌజుది తనతో కలిపి మూడు.

కౌజు ఈ ఏడూ గుడ్లు పోయినట్టే అనుకుని గూటి దారి పట్టింది.

"ఇంటికెక్కడికమ్మా? నీ రెండో ఇష్టం వైపు నడువు," అంది తాబేలు.

గూటి మీదికి ఎవరైనా వస్తే ముళ్లు విప్పి అడ్డం నిలవగలిగేది ముళ్లపంది ఒక్కటే. కౌజు తన ఇద్దరితో గునగునా నడిచి దాని వెనక నిలబడింది.

ఐదు ఎనిమిదైంది. దుప్పి ఏడు దగ్గరే ఆగింది. ఇప్పుడు విడిపోవాల్సింది దుప్పి వరస! కౌజు తల తిప్పి దుప్పి వైపు చూసింది. బెత్తెడు పిట్ట నాలుగడుగులేస్తే అంత పెద్ద దుప్పి కదలాల్సి రావడమా!

"దుప్పి దొరా, అంతటి కొమ్ములు పెట్టుకుని ముళ్లపంది వెనక నిలబడతావా? పరువు పోదూ!" నక్క గొంతు మారింది.

 

"పోయిన వేసవిలో నా బిడ్డను నీళ్ల దగ్గరకు రానివ్వనిది నువ్వే కదయ్యా," అని దుప్పి తల వంచుకుని నడిచింది. దాని వెనక ఆరుగురూ నడిచారు. నేల అదిరింది. ఎంత అందంగా ఉందో ఆ నడక! కౌజు కళ్లార్పకుండా చూసింది.

ఎనిమిది పదిహేనైంది. నక్కవి ఆ తొమ్మిదే.

"ఇదేం లెక్క తాతా! మొదట పొడుగు వరస నాదే కదా!"

"నీదేనయ్యా. కాకపోతే నిన్ను వద్దనేవాళ్లు ఎంతమందో ఇన్నాళ్లూ మాకే కనపడలేదు," అంది తాబేలు.

నలుగురిని విడగొట్టి గెలిచేవాడి గెలుపు, ఆ నలుగురూ ఒకరి వెనక ఒకరు నిలబడేదాకానే.