కెజియా సాక్ష్యం

జెకర్యా అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. "పదండి, పనుంది" అనేవారు. ఆ పని దగ్గర జవాబు దొరికిందా, సంతోషం. దొరకలేదా, ఇంకో రోజు ఇంకో పని. క్రైస్తవ వేదాంత పాఠశాలలో ఇరవై ఆరేళ్ళు ఆయన చెప్పిన పాఠాలు ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు గాని, ఆయన వెనక నడిచిన దారులు మాత్రం ఎవరూ మరిచిపోలేదు. ఆ నడిచినవాళ్ళలో మొదటివాణ్ణి నేను, ఉపదేశి సీమోనును. గుడిలో గంట కొట్టి, పాట ఎత్తి, అయ్యగారు ఊళ్ళో లేనప్పుడు ప్రార్థన నడిపించేవాణ్ణి. నా గురించి నేను చెప్పుకోకూడదు గాని, నేను "స్తోత్రం!" అని ఒక్క కేక వేస్తే గోదావరి అవతలి గట్టున గేదెలు పలుపులు తెంచుకునేవి. ఉజ్జీవ కూటాలకు మైకు తెచ్చినవాళ్ళు నా గొంతు విని, సిగ్గుపడి, వైరు చుట్టుకుని వెళ్ళిపోయేవారు.

ఒక శనివారం ఉదయం ఏలీషా వచ్చాడు, భార్య సలోమిని వెంటబెట్టుకుని. అయ్యగారి దగ్గర చదువుకుని, కాలువ కింది ఊళ్ళో సంఘం చూసుకుంటున్న కుర్ర పాస్టరు. వాదనలో మొనగాడు. క్రిందటేడు యువజన కూటంలో, "మనిషి జన్యువులను దిద్దే హక్కు మనిషికి లేదు, ఒక మనిషిని చూసి అచ్చం అలాంటివాణ్ణే ఇంకొకణ్ణి పోతపోసే హక్కు అసలే లేదు" అని గంటన్నర దంచి, కుర్రకారు చేత చేతులెత్తించాడు. అదే విషయం మీద నేను మూడు గంటలు మంచినీళ్ళు తాగకుండా మాట్లాడగలను, అది వేరే సంగతి. అలాంటివాడు ఆ రోజు గుమ్మంలో నిలబడి చేతిరుమాలు మెలిపెడుతున్నాడు.

వాళ్ళ పాప అక్సాకి ఆరేళ్ళు. తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. సరిపోయే ఎముక మూలుగ ఎవరి దగ్గరైనా దొరికితే పిల్ల నిలబడుతుందన్నారు. ఎవరిదీ సరిపోలేదు. అప్పుడు హైదరాబాదులో ఒక ఆసుపత్రివాళ్ళు ఇంకో దారి చూపించారు. భార్యాభర్తల బీజాలు తీసుకుని గాజు పాత్రలో ఐదు పిండాలు చేశారు. ఐదింటి జన్యువులూ పరీక్షించారు. జబ్బు లేనిదీ, అక్సాకి సరిగ్గా సరిపోయేదీ ఒక్కటే తేలింది. దాన్ని సలోమి కడుపులో పెడితే, పుట్టే బిడ్డ మూలుగతో అక్క బతుకుతుందన్నారు. సోమవారం వెళ్ళి సంతకం పెట్టాలి.

"అయ్యగారండీ," అన్నాడు ఏలీషా, "ఒక బిడ్డను బతికించుకోవడానికి ఇంకో బిడ్డను చేయించుకోవచ్చునా? వద్దనుకున్న ఆ నలుగురి సంగతేమిటి? దేవుడు ఇచ్చేదాన్ని మనం బజార్లో వంకాయల్లా ఏరుకోవడం..."

సలోమి అడ్డం వచ్చింది. "అది ఆయన ప్రశ్నండి. నాది వేరండి. వెళ్ళమంటారా, వద్దంటారా? నాకు వాక్యాలు వద్దండి. మా పిల్ల మొహం పిండిలా పాలిపోయిందండి. 'అమ్మా, ఈసారి సూది ఎడం చేతికి పొడవమను, కుడిచేత్తో బొమ్మలేసుకోవాలి' అంటుందండి."

"సలోమీ, అయ్యగారి ముందు..."

"ఎవరి ముందైనా అంతేనండి. ఆదివారం ప్రసంగం మీది, పిల్లని ఒళ్ళో పెట్టుకుని సూది గుచ్చించేది నేను."

అయ్యగారు చెప్పులు తొడుక్కున్నారు. "ఏటి మధ్య లంకలో తబిత ఇంట్లో కృతజ్ఞతా కూటం ఉంది. రండి, పనుంది."

రేవులో పంటు ఎక్కాం. గాలికి పంటు తలకిందులు కాబోతుంటే నేనే అడ్డుపడి, పొడుగుపాటి గెడ ఒంటిచేత్తో... అని మొదలుపెడితే అయ్యగారు "సీమోనూ, ఆ రోజు ఆకు కూడా కదల్లేదు కదా" అంటారు గనక ఆ ముక్క వదిలేస్తున్నాను. పంటు మీద సలోమి చేతిలోని ఫోను వదలలేదు. పాపను వాళ్ళమ్మ దగ్గర దింపి వచ్చింది. పొద్దుటినుంచీ పడుకునే ఉందట. "నిద్రా, నీరసమా?" అని రెండుసార్లు ఫోను చేసి అడిగింది. నిద్రేనని అవతలామె అన్నా ఈమెకు నమ్మకం కుదరలేదు.

ఆమెకు ధైర్యం చెప్పే బాధ్యత నాది అనుకున్నాను. "అమ్మా, మనం వెళ్ళేది సరిగ్గా నీ కథ జరిగిన ఇంటికే" అన్నాను. నిజమే. తబిత కొడుకు యోనాకు ఇదే జబ్బు. వాడి కోసం పట్నం ఆసుపత్రిలో ఇలాగే పరీక్షించి, ఎంచి, కెజియాను కన్నది. పిల్లకు ఏడాదిన్నర వచ్చాక మూలుగ తీసి అన్నకు ఎక్కించారు. వాడు లేచి కూర్చున్నాడు. అప్పటినుంచి ఏటా ఆ తేదీకి ఇంటి ముందు చాపలు పరిచి, సంఘాన్ని పిలిచి, తబిత సాక్ష్యం చెబుతుంది. మా వాళ్ళలో మేలు పొందినవాళ్ళు పదిమంది ముందు లేచి చెప్పాలి, అది మా మర్యాద. చివర ఒకే మాట అంటుంది: "వీడి ప్రాణం నిలపడానికే దేవుడు ఈ పిల్లని పంపాడు." అప్పుడు అందరం ఆమేన్ అంటాం.

ఆమె ఇంట్లో చెబితే, నేను లంకలన్నిటా చెప్పాను. పిల్లను బల్ల మీద నిలబెట్టి, చెయ్యి చాచి, "చూడండి! అన్న కోసం పుట్టిన ప్రాణం!" అన్నానంటే మగవాళ్ళు తువ్వాళ్ళు పిండుకునేవారు. ఒక ఊళ్ళో కన్నీళ్ళకు పందిరి కింద నేల బురదై కుర్చీలు దిగబడ్డాయి. ఇదంతా సలోమికి వర్ణించాను. ఆమె మొహంలో రక్తం తిరిగింది. ఏలీషా కూడా మెలిపెడుతున్న రుమాలు జేబులో పెట్టుకున్నాడు.

తబిత దొడ్లో పిల్లలంతా జామచెట్టు మీదే ఉన్నారు. యోనా చిటారుకొమ్మ మీద. పదమూడేళ్ళవాడు, ఇనపకడ్డీలా ఉన్నాడు. వాణ్ణి చూసి సలోమి నోటిమీద చెయ్యేసుకుంది. "వీడేనాండి? వీడికేనాండి?" అని నన్ను రెండుసార్లు అడిగింది. కింద అరుగు మీద ఏడేళ్ళ పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. కాళ్ళకు బూట్లు, ఆ ఎండలో పొడుగు చేతుల చొక్కా.

"నువ్వెక్కవా అమ్మా?" అంది సలోమి.

"ఎక్కనండి."

"భయమా?"

"నాకేం భయం లేదండి" అంది కెజియా, కొంచెం కోపంగా. సలోమి ఆ బూట్ల వంక, ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది.

కూటం మొదలైంది. పాట నేనే ఎత్తాను, ఎలా ఎత్తానో మీరు ఊహించుకోవచ్చు. లోపలినుంచి పులిహోర పోపు వాసన వస్తోంది. తబిత కొంగు తలమీదికి లాక్కుని లేవబోయింది. అయ్యగారు చెయ్యెత్తారు.

"ముందు కెజియా చెబుతుంది."

"అదేం చెబుతుందండీ అయ్యగారూ, చిన్నపిల్ల!" తబిత నవ్వింది. "ఏటా నేనే కదండీ చెప్పేది."

"ఏటా నువ్వే తల్లీ. ఈ ఏడు దాన్ని చెప్పనీ."

పిల్ల లేచి నిలబడింది. పెద్దవాళ్ళు ఎలా నిలబడతారో అలాగే, చేతులు కట్టుకుని. ఇప్పుడు చెప్పే మాటల్లో నేను ఒక్క అక్షరం కలపలేదు, ఒక్కటి తీయలేదు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. ఈ ఏడు నేను చెట్టెక్కలేదండి. సైకిలు తొక్కలేదండి. బళ్ళో పరుగుపందేనికి పేరివ్వలేదండి. ఒక్కసారి మోకాలు గీసుకుందండి, వెంటనే గట్టిగా కట్టేసుకున్నాను, ఎక్కువ పోలేదండి. జ్వరం రాలేదండి. అన్నకి మళ్ళీ కావలసొస్తే నా దగ్గర అంతా అలాగే ఉందండి. దేవునికి స్తోత్రం."

అలవాటు కొద్దీ సగంమంది "ఆమే..." అని సగంలో ఆగిపోయారు. గేదెలను బెదరగొట్టిన నా గొంతులోంచి గాలి కూడా రాలేదు.

ముందు తేరుకున్నది యోనా. "ఎవరడిగారే నిన్ను?" అని అరిచాడు. "నాకేం వద్దు! అది మళ్ళీ ఊరుతుందని డాక్టరు చెప్పలేదా, పిచ్చిమొహమా! అందుకా నువ్వు నాతో ఆటకి రావు? నేనేమో నువ్వు మొద్దువని ఊరంతా చెప్పి..."

కెజియా బెదిరిపోయింది. తను చేసిన తప్పేమిటో దానికి తెలియలేదు. అన్న వంక, అమ్మ వంక, మా అందరి వంక చూసింది.

"నీకు వద్దా?" అంది. "మరైతే నేనెందుకు?"

తబిత నోరు తెరిచింది. ఏటా చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చిందని నాకు తెలుసు. దాన్ని ఊరూరా తిప్పి నునుపు చేసినవాణ్ణి నేనే. ఆ మాట బయటికి రాలేదు. చాపల మీద మోకాళ్ళతో జరుక్కుంటూ వచ్చి పిల్లను లాక్కుంది. "ఎందుకూ కాదే తల్లీ! ఎందుకూ కాదు. ఊరికే. ఊరికే పుట్టావే నాకు."

"అబద్ధం" అంది కెజియా, నెమ్మదిగా. "ఏటా చెబుతావుగా."

కౌగిలించుకోనిచ్చింది గాని, తల్లి గాజులు గీరుకోకుండా మోచెయ్యి పక్కకు పెట్టుకుంది. అయ్యగారు ప్రసంగం చేయలేదు. లేచి దీవెన పలికి కూర్చున్నారు. ఆ రోజునుంచి ఆ సాక్ష్యం నేను ఏ ఊళ్ళోనూ ఎత్తలేదు. పిల్లను బల్ల ఎక్కించిన ఈ చేతులను ఏం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు.

విస్తళ్ళు తీశాక నూతి దగ్గర చేతులు కడుగుతున్న సలోమి పక్కకు తబిత వచ్చింది. నేను నీళ్ళు తోడుతున్నాను, అందుకని విన్నాను.

"నీ సంగతి అయ్యగారు ఇందాక చెప్పారమ్మా. మాకు నాలుగు చూపించారు. ఒకటి తీసుకున్నాం. మిగతా ముగ్గురి మాట నేను ఏ సాక్ష్యంలోనూ చెప్పలేదు. చెప్పడానికి మాట దొరకలేదు." కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "యోనా చెట్టు దిగుతుంటే చూశావుగా. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ వెళతాను, నీకు అబద్ధం చెప్పను. కానీ ఈ పిల్ల ఇంతకాలంగా కదలకుండా కూర్చుంటే, బుద్ధిమంతురాలు అనుకున్నానమ్మా నేను" అంది.

తిరుగు పంటు ఎక్కాం. నడి గోదాట్లోకి వచ్చాక ఏలీషా ఉండబట్టలేకపోయాడు.

"వద్దనేనా అయ్యగారూ మీ ఉద్దేశం?"

"యోనాను కళ్ళారా చూసి వచ్చాను. వద్దని ఎలా అనను?"

"అయితే వెళ్ళమనేనా?"

"కెజియా చెప్పింది నువ్వూ విన్నావు."

ఏలీషా తల పట్టుకున్నాడు. సోమవారం వాళ్ళు ఏం చేశారని మీరు అడుగుతారు. అది ఆ ఇద్దరి సంగతి. నాకు తెలుసు, అయినా బతుకులో మొదటిసారి నోరు మూసుకుంటున్నాను.

సలోమి ఫోనులోకి చూస్తూ ఉంది. వాళ్ళమ్మ దగ్గరనుంచి ఇంకా కబురు రాలేదు. ఆమె అడిగిన తీరు చూస్తే ఆ మాట చాలా రోజులుగా లోపల పెట్టుకున్నదనిపించింది.

"అయ్యగారండీ, ఆ బిడ్డ పుట్టేలోపే... మా అక్సా..." పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "అక్సా లేని ఇంట్లోకి ఆ బిడ్డ వస్తేనండీ?"

అయ్యగారు ఆమె పక్కకు వచ్చి కూర్చున్నారు.

"ఆ రోజు కూడా," అన్నారు, "ఆ పసిబిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నీళ్ళు పోస్తూ, నవ్వించగలవా తల్లీ?"