మూడో మూల దుంగ

కాలవ గట్టు పక్కన మూడు మూలల నేలచెక్క ఒకటుంది. నాగమల్లి అనే మేక దాని చుట్టూ దడి కట్టించుకుంటోంది. నిరుడు దడి సందులోంచి ఎవరో దూరి దాని పిల్లలు రెండింటిని ఎత్తుకుపోయారు. ఎవరో అన్నది మర్యాదకి, అడవంతటికీ తెలుసు. ఈ ఏడు పుట్టింది ఒక్కటే పిల్ల. తల్లి ప్రాణమంతా దాని మీదే.

మూల దుంగలు చెక్కేది వడ్రంగిపిట్ట. ఏ మూల కోణం ఎంతో కొలిచి, దుంగని సరిగ్గా అంతకే చెక్కుతుంది. గట్టు మూల యాభై డిగ్రీలు వచ్చింది, కాలవ మూల అరవై. మూడోది నక్క బొరియ గుమ్మంలో ఉంది. అక్కడికి దున్నపోతులు తప్ప ఇంకెవరూ పోరు. దుంగలు పాతడానికి అవి రేపు గాని రావు, చెక్కడం ఇవాళే అయిపోవాలి.

“నా గుమ్మమేగా, నేను కొలుస్తాలే మామా,” అంటూ నక్క అడక్కుండానే వెళ్ళొచ్చింది. “తొంభై. నిక్కచ్చిగా తొంభై.”

“కొలిచినవాడి మాటే కొలత, మా పనిలో అదే పద్ధతి,” అని వడ్రంగిపిట్ట దుంగ ఎక్కింది.

“కాస్త ఆగు మామా,” అంది నాగమల్లి. అరటాకులోంచి మూడు మూలల ముక్క కొరికింది. ఏ ఆకైనా మూలల నుంచి తినడం దాని అలవాటు, అందుకే మూలల సంగతి దానికి బాగా తెలుసు. ముక్కకున్న మూడు మూలలూ తుంచి, కొసలు ఒకచోట కలిసేలా పక్కపక్కన పేర్చింది. కింది అంచు తిన్నగా గీత గీసినట్టు వచ్చింది.

“తిన్నని గీతంటే నూట ఎనభై,” అంది వడ్రంగిపిట్ట.

“ఏదో ఆ ఆకుకి అలా కుదిరింది,” అంది నక్క.

నాగమల్లి సన్నగా పొడుగ్గా ఇంకో ముక్క కొరికింది, తర్వాత పొట్టిది. దేనికైనా అదే గీత.

“ఇక్కడ కూర్చుని నా గుమ్మం కోణం చెబుతావా? చూడకుండానే?”

“చూడక్కర్లేదు బావా. యాభై, అరవై కలిపితే నూటపది. నూట ఎనభైలో మిగిలేది డెబ్బై. తొంభైకి చెక్కిన దుంగ అక్కడ అతకదు, సందు పడుతుంది. ఆ సందు ఎవరికోసం?”

“నేనేమైనా సందుల్లో దూరేవాణ్ణా?” అంది నక్క.

దాని పేరు ఎవరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే.

వడ్రంగిపిట్ట డెబ్బైకి చెక్కింది. మర్నాడు దున్నపోతులు పాతితే దుంగ దడిలో బిగుసుకు కూర్చుంది. సాయంత్రం నక్క వచ్చి మూలంతా వాసన చూసింది, ముట్టె దూర్చబోయింది, దూరలేదు. లోపల మేకపిల్ల మిగిలిన అరటాకుని మూల నుంచి నములుతోంది. నిరుటి నుంచి కునుకు లేని నాగమల్లి దాని పక్కనే ఒళ్ళు మరిచి నిద్రపోతోంది.

తెలిసిన రెండూ నిజమైతే, తెలియని మూడోదాన్ని ఏ అబద్ధమూ దాచలేదు.