మేదరవీధి కుక్కలూ, మా గంగీ

“ఓలమ్మో, పీకేస్తన్నాయి! రండర్రా!”

మేదరవీధిలోంచి వచ్చిన ఆ కేక మా వంటాయన కూర్మారావుది. సరిగ్గా అప్పుడే మేం సాము నేర్చుకునే తాలింఖానా అరుగు మీద ఝాన్సీ తన కర్ర తెచ్చి గురువుగారి పాదాల దగ్గర పెట్టేసింది. కర్రసాములో చుట్టుపక్కల దానికి ఎదురులేదు. నా మేనకోడలు కూడాను, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఓర్చుకోండి.

చిన్నవయసులో వచ్చే షుగరు పట్టుకుందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ పిల్ల మొహంలో కళ లేదు. ఒంట్లోకి రోగాన్ని రానివ్వకుండా కాపలా కాసే కణాలే, ఇన్సులిన్ తయారుచేసే కణాలను శత్రువులనుకుని పాడుచేశాయట. సూది వేసుకుంటే నలుగురూ చూస్తారని మాతో పంక్తిలో కూర్చోవడం మానేసింది. ఆ రోజు ఏకంగా సామే మానేస్తానంది.

“నా కాపలావాళ్ళే నన్ను కొట్టారంటే నా పుట్టుకలోనే లోపముంది కదా గురువుగారూ? అందరి ఒంట్లోనూ బుద్ధిగా ఉండేవాళ్ళు, నా ఒంట్లోనే ఎందుకిలా అయ్యారు?” అని అడిగింది.

అప్పలసూరి గురువుగారు ఏ ప్రశ్నకైనా నోటితో జవాబు చెప్పగా నేనెరగను. “ముందా కేకేటో చూడు. కర్ర పట్టుకెళ్ళు” అన్నారు.

అందరం పరిగెత్తాం. చినుకులు పడుతున్నాయని కూర్మారావు గోనెసంచి నెత్తిన కప్పుకుని, కావిడికి ఒకవైపు అన్నం, ఒకవైపు పులుసు వేలాడేసుకుని మా పంక్తికి తెస్తున్నాడు. రోజూ తను మెతుకులు వేసే కుక్కలే ఆ ముసుగు చూసి దొంగనుకుని పంచె పీలికలు చేశాయి. కాలు దక్కింది గాని, పులుసు నేలపాలైంది. మావాళ్ళు రాళ్ళు ఏరారు.

“దింపండ్రా!” అన్నారు వెనకే వచ్చిన గురువుగారు. “వీటిని చంపేసి, రేపట్నుంచి ఈ వీధికి మీరు కాపలా కాస్తారేటి?”

ఝాన్సీ కర్ర తిప్పింది. అబ్బ, ఏం తిప్పింది! గుయ్యిమని చక్రం లేచినట్టే. ఒక్క కుక్కకు దెబ్బ తగల్లేదు, ఒక్కటీ దగ్గరికి రాలేదు.

“నీ చేతులు సల్లగుండ తల్లీ, కూసింత దూరంగా తిప్పు, నా బుర్ర లేచిపోద్ది!” అంటూ కూర్మారావు ఆ చక్రం చాటునే అన్నంతో మా వీధి మొదటికి చేరాడు.

అక్కడ మా కుక్కలూ లేచాయి. అదే గోనెసంచి, అదే గుర్రు, అవే కోరలు. ఝాన్సీ మళ్ళీ కర్ర ఎత్తబోతే గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు. అరుగు కింద పడుకున్న ముసలి ఆడకుక్క గంగి తాపీగా లేచి, కూర్మారావుకూ వాటికీ మధ్య నిలబడింది. మొరగలేదు, కరవలేదు. ఒక్కొక్కటే తోక దించి పడుకున్నాయి.

“మనవి మంచివనుకున్నాను. ఇవీ లేచాయే!” అంది ఝాన్సీ.

“లేవకేటి? ఏ వీధిదైనా కుక్క కుక్కేనమ్మా. మేదరవీధిలో వాటిని సర్దే ముసలిది మొన్న ఎండలకి పోయింది” అన్నారు గురువుగారు.

పిల్ల వంగి గంగి తల నిమిరింది. “అయితే మేదరవీధి పుట్టుకలో లోపమేం లేదు. నా పుట్టుకలోనూ లేదన్నమాట” అంది.

ఎదురింటి సింహాచలమ్మ తన పొయ్యి మీది పులుసు తెచ్చి మా గుండిగలో పోసింది. “నా పంక్తిలో పొరుగింటి పులుసా!” అని కూర్మారావు మూతి ముడిచాడు.

“ఒలికింది తిరిగొస్తాదా? పొరుగుదైనా కడుపుకి కావాలి కదా, వడ్డించు” అన్నారు గురువుగారు.

ఆ మాటకు ఝాన్సీ నవ్వింది. ఎన్నాళ్ళకు! సంచిలోంచి సూది తీసి, గోడ చాటుకు పోకుండా అందరి మధ్యే వేసుకుంది. కర్ర తొడ పక్కన పెట్టుకుని, విస్తరి ముందు కూర్చుని, “మావయ్యా, కళ్ళు తుడుచుకుని జరుగు” అంది. జరిగాను. ఎప్పుడూ ఆఖరున తినే కూర్మారావు కూడా చిరిగిన పంచెతోనే మా వరసలో కూర్చున్నాడు.

గురువుగారు మొదటి ముద్ద గంగికి వేశారు. దాని వెనకే తిరిగే కుక్కకూన కూడా వచ్చి మూతి పెట్టింది.

“ఇది బాగా నేర్చుకుంటంది” అన్నారాయన, కూన వీపు నిమురుతూ. “కాస్త ఎదగనీండి. మేదరవీధికి పంపుదాం.”