కొంచెం అడ్జస్ట్ చేసుకో

కిక్కిరిసిన బస్సులో మీరేం చూశారో చెప్పండి. "కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అనగానే ఎవరు జరిగారు? ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాయనా, గంప ఒళ్ళో పెట్టుకున్న ఆవిడా? చూడలేదని మాత్రం అనకండి.

చెన్నదాసు ఆశ్రమంలో నాగలింగానికి ఈ మాట మీద భలే గురి. ఏటేటా ఆరాధన భోజనాల పెత్తనం అతనిదే. లెమ్మంటే తగువొస్తుంది, జరగమంటే మూతి ముడుస్తారు. అడ్జస్ట్ చేసుకోమంటే ఎవరూ కిక్కురుమనరు. ఇంత చాకిరీ చేసినా గురువు అతనికి ఉపదేశం ఇవ్వలేదు. ఆ ఏడు ఆరాధన నాటి పొద్దున ఉండబట్టలేక అడిగేశాడు.

"నా వెనక వచ్చినవాళ్ళకి ఇచ్చారు. నాలో లోపమేంటి గురువుగారూ? పంక్తిలో ఒక్క గొడవ రానిచ్చానా? ఒక్క మాటతో సర్దేస్తాను."

"భోజనాలు కానీ, చూద్దాం" అన్నాడు చెన్నదాసు.

మధ్యాహ్నం పందిరి కింద విస్తళ్ళు వేసి వడ్డించారు. గురువు ముద్ద ఎత్తందే అక్కడ ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టరు. సరిగ్గా అప్పుడే కంకర మిల్లు యజమాని రాజశేఖరం కారు దిగాడు. వంటశాలకు రేకులు వేయించింది ఆయనే. పంక్తిలో చూస్తే ఖాళీ లేదు.

నాగలింగం చూపు వరస వెంట పరుగెత్తి, ఈరమ్మ దగ్గర ఆగింది. ఆ మిల్లులోనే రాళ్ళు మోసే ముసలామె.

"ఈరమ్మా, కొంచెం అడ్జస్ట్ చేసుకో. రెండో పంక్తిలో కూర్చుందువు."

"అన్నం పెట్టినాక లేపుతావా సామీ?"

"లేపడం కాదమ్మా, అడ్జస్ట్!"

"నీ ఇంగిలీసు నా మోకాళ్ళకేం తెలుసు నాయనా" అంటూ ఆమె నేల మీద చెయ్యి ఊని లేచింది. పక్కవాళ్ళు నవ్వారు. నాగలింగమూ నవ్వాడు. ఆమె విస్తరి తీసేసి కొత్తది వేశారు. ఈరమ్మ పోయి చెప్పులు విడిచే చోట, ఎండలో కూర్చుంది.

విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం చెంపదెబ్బ కంటే పెద్ద దెబ్బ. నాగలింగానికి అది తెలియక కాదు. ఆ మాట అడ్డం పెడితే దెబ్బ చప్పుడు వినబడదు, అంతే.

చెన్నదాసు తన విస్తరి రెండు చేతులా ఎత్తుకుని లేచాడు. ఎండలోకి నడిచి, ఈరమ్మ పక్కన చతికిలబడ్డాడు.

నాగలింగం పరుగెత్తుకొచ్చాడు. "ఇక్కడేంటి గురువుగారూ! మీరు ముద్ద ఎత్తకపోతే ఎవరూ తినరు."

"ఈరమ్మ తన చోటికి పోయాక ఎత్తుతాను."

"చోటెక్కడుంది స్వామీ?"

"రాజశేఖరం కూర్చున్నాడే, అదే. పోయి నీ మాట ఆయనతో అను."

"ఆయనతోనా?"

"గొడవ రాని మాటేగా. ఉపదేశం అడిగావు, ఇదే ఉపదేశం. వెళ్ళు."

నాగలింగం వెళ్ళాడు. విస్తళ్ళలో అన్నం చల్లారిపోతోంది. రాజశేఖరం తలెత్తి, "ఏంటి నాగలింగం?" అన్నాడు మామూలుగానే.

నాగలింగం నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా నాలుక చివర ఆడిన మాట గొంతు దాటి రాలేదు. పంక్తి పంక్తంతా అతని నోటికేసే చూస్తోంది.

అక్కడ నిలబడింది మీరైతే, ఆ మాట మీ నోట వచ్చేదా?