నెలవంకల స్లైడు

విరూపాక్షశాస్త్రిగారి శిక్షణశాలలో ఒక నిషేధం ఉండేది. సూక్ష్మదర్శినిలో కనబడినదానిని శిష్యులెవరూ ‘అందంగా ఉన్నది’ అనరాదు. మన్యంలో ముప్పైయేళ్ళు గాజు స్లైడ్ల మీది మలేరియా రక్తపూతలు చదివి, ఆ విద్యనే పిన్నవారికి నేర్పుతున్న మా గురువుగారు అరసికులు కారు. ప్రబంధాలు ఆయనకు కంఠస్థం. ఒక మంచి ఉపమ చెవిని పడితే ముఖం వికసించేది. అటువంటి మనిషి ఆ ఒక్క మాట వినబడితే మాత్రం తల దించుకొనేవారు.

ఒకనాడు కిల్లో భాగ్యవతి అనే శిష్యురాలు, శిక్షణ కోసం దాచిన పాత స్లైడును చూస్తూ మైమరచి ఆ మాట అనేసింది. గురువుగారు తల దించుకొన్నారు. ఆమె కొండబిడ్డ; అంతమాత్రానికి జంకే మనిషి కాదు.

“తిడితే పడతాను గానీ కారణం చెప్పండి గురువుగారూ. ఉన్నదానిని ఉన్నదంటే తప్పెట్లా అవుతుంది?”

“ఆ నెత్తురు ఎవరిదనుకున్నావు?”

“ఎవరో రోగిది.”

“నాది” అన్నారాయన. తరువాత చెప్పినది ఇది.

ఆయనకప్పుడు ఇరవయ్యారేళ్ళు. పల్లెపల్లెకూ తిరిగి, వేలికొనలు గుచ్చి నెత్తురు సేకరించే ఉద్యోగం. అందులోనే ఆయనకూ మలేరియా సోకింది. పదినాళ్ళు అలక్ష్యం చేసిన జ్వరం, మందు పడగానే మూడునాళ్ళలో విడిచిపోయింది. మలేరియా జీవి ఎర్రకణంలో దూరి, దాని సారాన్ని భుజించి, ఒకటి పెక్కై, కణాన్ని పగులగొట్టుకొని వెలువడినప్పుడే ఒళ్ళు వణుకుతుంది. అయితే కొన్ని ఆ విధంగా పెచ్చుపెరుగవు. ఆడవిగా, మగవిగా మారి, కొడవలివలె వంపు తిరిగి, నెత్తుటిలో నిశ్శబ్దంగా నిరీక్షిస్తాయి. తమను మోసే మనిషిని అవి బాధింపవు. దోమ కడుపు చేరినప్పుడే వాటికి కల్యాణం. ఆ సంతతి ప్రవేశించేది మరొకరి నెత్తుటిలోనికి. వాటిని చంపడానికి వేరే మాత్ర ఉన్నది. అది చేతిలో పెడుతూ పైఅధికారి, “ఇది నీ కోసం కాదోయ్, నీ పక్కవాడి కోసం” అన్నాడు.

శాస్త్రిగారు దానిని జేబులో వేసుకొని, తన నెత్తురును తానే పూతపెట్టి చూసుకున్నారు. ఎటు చూసినా నెలవంకలు. “ఒక్క నెలవంకకే శివుడు చంద్రశేఖరుడైతే, ఇన్ని మోస్తున్న నన్నేమనాలి!” అని మురిసిపోయారు. పక్కబల్ల మీది మిత్రుడు, “ముందు మాత్ర మింగి తరువాత పద్యం కట్టవయ్యా” అని ఎకసక్కెమాడాడు. ఆయన వినలేదు. శిక్షణకు ఇటువంటి స్లైడ్లు మళ్ళీ దొరకవు. రోజుకు నాలుగు చొప్పున వారం పాటు తీయదలచి, అన్నాళ్ళూ మాత్ర వేసుకోలేదు.

ఆ వారంలోనే ఒక కొండపల్లెకు పని పడింది. మూడు రోజులు అక్కడే ఉండి ఊరందరి నెత్తురూ పరీక్షించి, ఎవరికీ రోగం లేదని స్వహస్తంతో వ్రాశారు. బస మాత్రం పాంగి గురువమ్మ అనే వృద్ధురాలి అరుగు మీద. ఆమె ఆయనను చూసి పకపకా నవ్వింది.

“అందరి నెత్తురూ పట్టుకుపోయే బాబుకే నెత్తురు పాడైపోనాదంట గదా!”

నవ్వుతూనే లోపలికి వెళ్ళి, ఇంట్లో ఉన్న ఒక్క దోమతెరా తెచ్చి ఇచ్చింది. “కట్టుకో బాబూ. లోపల రెండేళ్ళ మనవడున్నాడు. జొరమొచ్చినోడు తెరలో ఉంటే ఇంటోళ్ళకి మంచిదని మీరే గదా చెప్పినారు.”

“జ్వరం పోయిందమ్మా. దోమలకు నేనిప్పుడు చేదు” అని హాస్యమాడి, ఆయన తెరను మడిచి తల కింద పెట్టుకున్నారు. మూడు రాత్రులూ అది ఆయనకు దిండే అయింది.

నెల తిరిగేసరికి ఆ పసివాడిని స్పృహ లేని స్థితిలో డోలీ మీద మోసుకొచ్చారు. పూత చదవవలసినవారు శాస్త్రిగారే. చూసిన ప్రతిచోటా, ఎర్రకణాలలో మలేరియా లేతరూపాలు ఉంగరాలవలె కనబడ్డాయి. రోగమే లేదని తాను వ్రాసిన ఊరు అది. ఆ తరువాత అక్కడికి కొత్తవారెవరూ వెళ్ళలేదు.

గురువమ్మ ఆయన చేయి పట్టుకొన్నది. “ఏటి బాబూ, ఎక్కణ్ణుంచొచ్చిందిది?”

“దోమ వల్లనమ్మా” అన్నారాయన. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం లేదు.

ఆమె కళ్ళు నిండాయి. “మా ఇంటి దోమలే బాబూ. నిన్నూ కుట్టే ఉంటాయి. తగ్గినోణ్ణి మా అరుగు మీద పడుకోబెట్టి నీకు జొరం మళ్ళీ తిప్పినామేటో. ఏటీ అనుకోకు.”

“పరవాలేదు” అన్నారాయన.

గురువుగారు మాకు కథ అక్కడితోనే ముగించబోయారు. ఐదవనాటికి బిడ్డ కళ్ళు తెరిచాడన్న సంగతి భాగ్యవతి అడిగితే గాని చెప్పలేదు. ఆమె అంతటితో ఊరుకోలేదు.

“తరువాతైనా ఆ ముసలమ్మకు నిజం చెప్పారా?”

“చెప్పాలనే బయలుదేరాను. గుమ్మంలో ఆమే ఎదురైంది. మనవణ్ణి బతికించావని కాళ్ళకు మొక్కి, సీసాడు కొండతేనె నా చేతిలో పెట్టింది.”

“పుచ్చుకున్నారా?”

గురువుగారు ఆమె వైపు చూడలేదు.

“చాలా తియ్యగా ఉండింది తల్లీ” అన్నారు.